మణికట్టు మీద వేళ్ళ గుర్తులు

ఆ తరగతిలో పిల్లలు తొమ్మిది మంది. ఒకరికి మాట రాదు, ఒకరికి కూర్చోవడం రాదు, అందరికీ అలగడం మాత్రం బాగా వచ్చు. పదకొండేళ్ళుగా అలాంటి పిల్లలకే చదువు చెబుతున్న టీచరుకు ఆరు నెలలుగా మనసు మనసులో లేదు. తోడుగా ఉండే ఆయమ్మ మానేసింది. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. ఇంటికెళ్ళినా టీచరు కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

"అవి ఇందాకే కడిగావు కదా!" అన్నాడు భర్త.

"అయితే ఏం? అరిగిపోతాయా?" అని కసిరింది. ఆ తర్వాత అతను వంటింటి ఛాయలకు రావడం తగ్గించాడు.

ఒకరోజు ఎనిమిదేళ్ళ బుజ్జి పూసల పళ్ళెం విసిరేసింది. టీచరు వంగి ఏరింది. మళ్ళీ విసిరింది. మళ్ళీ ఏరింది. ఈలోగా ఒక పిల్ల వరండాలోకి పరుగు తీసింది, ఇంకొకరు జిగురు నోట్లో పెట్టుకున్నారు. మూడోసారి పళ్ళెం లేచేసరికి టీచరు బుజ్జి మణికట్టు ఒడిసి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టిందో వదిలాక గానీ తెలియలేదు. వేళ్ళ గుర్తులన్నీ ఎర్రగా తేలాయి. బుజ్జి ఏడవలేదు. చెయ్యి వెనక్కి దాచుకుని టీచరు ముఖంలోకి చూసింది.



సాయంత్రం గేటు దగ్గర బుజ్జి తల్లికి తానే చెప్పింది. "ఇవి నా వేళ్ళ గుర్తులేనమ్మా. కోపం ఆపుకోలేకపోయాను. తప్పు నాది."

తల్లి ఆ చెయ్యి నిమిరింది. "మీరు కూడానా టీచర్?" అంది. "చెప్పకపోతే బెంచీ తగిలిందనుకునేదాన్ని. కోపం రాలేదంటే అబద్ధమే. కానీ నాకు విసుగొస్తే దీన్ని మా అత్తగారి చేతిలో పెట్టి కాసేపు అవతలికి పోతాను. ఇక్కడ మీకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి అడగరే? పదండి, హెడ్మాస్టరునే అడుగుదాం."

హెడ్మాస్టరుకు బడిలో 'చూద్దాం సారు' అని పేరు. ఏం అడిగినా ఆయన నోట వచ్చేది అదొక్క మాటే. జరిగిందంతా విని, టీచరుకు మెమో ఇస్తానన్నాడు. ఆయమ్మ సంగతి ఎత్తితే "చూద్దాం" అన్నాడు.

"చూడండి సార్. మీరు చూసేదాకా మేమిక్కడే కూర్చుంటాం" అని తల్లి కుర్చీ లాక్కుంది.

మెమో మర్నాడే వచ్చింది. కొత్త ఆయమ్మ రావడానికి రెండు వారాలు పట్టింది. మధ్యాహ్నం అరగంట సేపు పాటల మాస్టారు పిల్లలను చూసుకునేలా ఏర్పాటైంది. బుజ్జి మాత్రం చెయ్యి ఆయమ్మకే ఇచ్చేది. టీచరు బతిమాలలేదు.

మొదటి రోజు ఆ అరగంట స్టాఫ్ రూములో కూర్చుని గోడ అవతలి గొంతులు లెక్కపెట్టింది. ఎనిమిదే వినబడ్డాయి. తొమ్మిదో బిడ్డకు మాట రాదని గుర్తొచ్చేలోగానే గబుక్కున లేచింది.

"కూర్చో తల్లీ, ఎక్కడికీ పోరు" అంది పక్కనున్న లెక్కల టీచరు.

కూర్చుంది. గంట కొట్టేదాకా కుర్చీలోనే ఉంది గానీ, వీపు ఆనించలేదు.