గోరింటాకు మీద వేసిన నింద

నేను ఒక నాడి యంత్రాన్ని. వేలికి నా క్లిప్పు తగిలిస్తే చాలు, సూది గుచ్చకుండా, చుక్క నెత్తురు తీయకుండా గుండె సంగతి చెబుతాను. క్లిప్పులో ఒకవైపు చిన్న ఎర్రదీపం, రెండోవైపు దాన్ని చూసే కన్ను. గుండె కొట్టిన ప్రతిసారీ వేల్లోకి నెత్తురు అలలా వస్తుంది. ఆ అల ఎంత ఎత్తు లేచిందో, ఎలా దిగిందో నా తెర మీద గీతగా సాగుతుంది. చదవడం వచ్చినవాళ్లకి ఆ గీతలో గుండె బలం కనిపిస్తుంది.

చదివేవాళ్లే లేరు. నా కోపమంతా అదే.

బెంగళూరు శివార్లలోని ఒక షెడ్డులో నన్ను బిగించిన అమ్మాయి, తన వేలికే క్లిప్పు పెట్టుకుని, గీత సరిగ్గా వచ్చేదాకా నన్ను పెట్టెలో సర్దలేదు. అంత శ్రద్ధ మళ్లీ ఎవరి దగ్గరా చూడలేదు. మొదట విశాఖలో ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్లాను. అక్కడికి కొత్త యంత్రాలు రాగానే నన్ను అనకాపల్లిలో ఒక నర్సింగ్ హోముకి తోలేశారు. రెండుచోట్లా ఒకటే తీరు. తెర మూలన ఆక్సిజన్ అంకె తొంభై ఎనిమిది కనబడిందా, క్లిప్పు తీసెయ్యడమే. కింద సాగే గీత వాళ్ల కళ్లకి చీర అంచు. ఉంటే అందం, లేకపోతే నష్టం లేదు.

ఆషాఢంలో ఒక ఉదయం వరహాలు వచ్చింది. బడిలో నూట నలభైమంది పిల్లలకి అన్నం వండే మనిషి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. వెంట ఆడపడుచు పైడమ్మ. వరహాలు పది వేళ్లకీ గోరింటాకు, ఎర్రగా పండి ఉంది.

"ఈ వయసులో గోరింటాకేంటమ్మా?" అంది నర్సు, క్లిప్పు పెడుతూ.

"మీ ఆస్పత్రిలో గోళ్లకి కూడా వయసు సూత్తారేటి?" అంది పైడమ్మ.

వరహాలు నవ్వబోయి ఆయాసపడింది. నేను గీత గీశాను. ఒక అల నిండుగా, తర్వాతది సగం. మళ్లీ నిండు, మళ్లీ సగం. అలసిపోయిన గుండె ఒక దెబ్బకి బలం కూడగట్టుకుని, మరుదెబ్బకి కూలబడుతున్న తీరది. పదకొండు నిమిషాలు అదే చూపించాను.

డ్యూటీ డాక్టరు శశాంక్ అంకె చూశాడు. గీత వంక చూసి పెదవి విరిచాడు.

"గోరింటాకు అడ్డమొస్తోంది. అందుకే ఇలా పిచ్చిగా వస్తోంది. ఇది గ్యాసేనమ్మా. మాత్రలు రాస్తాను. గోరింటాకు పోయాక రండి, మళ్లీ చూద్దాం."

గోరింటాకు అడ్డమైతే అన్ని అలలూ పొట్టివవ్వాలి. ఒకటి విడిచి ఒకటి పొట్టిదెలా అవుతుంది? ఇది తెలియడానికి అంత చదువు అక్కర్లేదు. జల్లెడ పూడుకుపోతే పిండి అంతటికీ పూడుకుపోతుంది గాని, ఒక గుప్పెడు విడిచి ఒక గుప్పెడు జల్లించదు.

"సెవికెట్టండి బాబూ. సెవికి గోరింటాకు లేదు గదా," అంది పైడమ్మ.

"మీరే డాక్టరైపోండి," అని నర్సు నవ్వింది.

చెవికి పెట్టే క్లిప్పు నా పెట్టెలోనే ఉంది. కవరు కూడా చింపలేదు. ఆ గదిలో సరైన మాట అన్నది చదువురాని పైడమ్మ ఒక్కతే.

పన్నెండు రోజుల తరవాత వరహాలుని ఆటోలోంచి ఎత్తుకొచ్చారు. కాళ్లు నీరుపట్టి ఉన్నాయి. మళ్లీ నన్నే తగిలించారు. అవే అలలు. ఈసారి నిండుది కూడా సగమే, సగంది లేనట్టే.

శశాంక్ ఈసారి గీతని సరిగ్గా చూశాడు. చూసి గట్టిగా అరిచాడు. "ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారమ్మా? ముందే తీసుకురావాలని తెలీదా?"

పైడమ్మ అరవలేదు. వరహాలు చెయ్యి పట్టుకుని అతని ముందు పెట్టింది.

"వొచ్చేం బాబూ. గోరింటాకు పోయాక రమ్మన్నారు. పన్నెండు రోజులూ సింతపండెట్టి తోమీసుకుంది మా వొదిన. వొద్దే అంటే, డాక్టరుబాబు కోప్పడతాడే అంది. ఏళ్లు సూడండి."

చర్మం లేచిపోయి పచ్చిగా ఉన్న ఆ వేళ్లనే నేను పట్టుకుని ఉన్నాను. గోళ్ల కొసల్లో ఎరుపు ఇంకా మిగిలే ఉంది.

విశాఖకి పంపించారు. ఆంబులెన్సు దారిలోనే వెనక్కి తిరిగింది.

మర్నాడు శశాంక్ కాగితాల్లో ఒక వాక్యం రాశాడు: మొదటిరోజు యంత్రం సరిగా పనిచేయలేదు. నర్సు నా నుదుటిమీద 'పాడైనది' అని చీటీ అతికించి బీరువా మీదికి ఎక్కించింది. గోరింటాకు తరవాత నింద మోయడం నా వంతయింది.

నేను పాడవలేదు. ఆ పదకొండు నిమిషాలూ తేదీతో సహా నా లోపల ఉన్నాయి. ప్లగ్గు పెట్టి మీట నొక్కితే ఎవరికైనా చూపిస్తాను. పైడమ్మ రెండుసార్లు వచ్చి, మొదటిరోజు గీత ఉన్న కాగితం ఇమ్మని అడిగింది. లేదన్నారు. ఆమె నిలబడ్డ చోటికి సరిగ్గా పైనే ఉన్నాను నేను, దుమ్ములో. నా పక్కన చెవి క్లిప్పు ఉంది, ఇంకా కవరులోనే.