వంతు పిలిచే పిల్ల

"చిట్టి మంచి పిల్లేనండీ. కానీ ఎవరితోనూ కలవదు. అందరూ మూడుచక్రాల సైకిలు కోసం కొట్టుకుంటుంటే తను బల్ల దిగదు. నెలాఖరుదాకా చూస్తాను. ఇలాగే ఉంటే వచ్చే ఏడూ చిన్న తరగతిలోనే ఉంచాలి" అంది బడి టీచరు.

సెలూన్‌లో రోజుకు పాతిక తలలు చూసే చిట్టి నాన్నకు తన తలే కొట్టేసినట్టయింది. ఇంట్లో వాగుడుకాయ, బడిలో మూగదా? చిట్టిని సెలూన్‌కు తీసుకొచ్చి, తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి అడిగాడు.

"సైకిలంటే భయమా తల్లీ?"

"కాదు. నా వంతు రాలేదు."

"ఏడు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదా?"

"ఎవరూ పిలవలేదుగా నాన్నా!" అంది చిట్టి, ఈమాత్రం తెలీదా అన్నట్టు.

అప్పుడు వెలిగింది నాన్నకు. బడి వదిలాక, అమ్మ పని నుంచి వచ్చేదాకా చిట్టి ఉండేది సెలూన్ బల్ల మీదే. "కూర్చోండి, మీ వంతు రాగానే పిలుస్తా" అని తను రోజూ అందరికీ చెప్పే మాటే పిల్ల మనసులో పాతుకుపోయింది. పిలుపు కోసం ఏడు నెలలు బుద్ధిగా కూర్చుంది, పిచ్చితల్లి! నాన్నకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లు చెమర్చాయి.

"ఇవాళ్టి నుంచి ఇక్కడ పిలిచే ఉద్యోగం నీది" అన్నాడు.

మొదటిరోజు కుర్చీ వెనక దాక్కుంది. రెండోరోజు నాన్న చొక్కా పట్టుకుని గొణిగింది. ఆదివారం బల్ల నిండిపోయింది. అప్పుడు ఊడిపడ్డాడు లారీ డ్రైవరు, పెద్ద మీసాలాయన. నేరుగా కుర్చీ ఎక్కేసి, "గడ్డం ఒక్కటే, అర్జంటు" అన్నాడు.

చిట్టి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"దిగండి. మీ వంతు కాదు. కళ్లజోడు తాతయ్యది."

"నాకు పనుంది పాపా."

"తాతయ్యక్కూడా ఉంది."

బల్లంతా గొల్లున నవ్వింది. డ్రైవరు నాన్న వైపు చూశాడు. పాత బేరం పోతుందేమోనని బెంగగా ఉన్నా, నాన్న తలెత్తకుండా దువ్వెన తుడుస్తూ ఉండిపోయాడు. డ్రైవరు మీసాల్లో నవ్వుకుంటూ దిగాడు. గంట తర్వాత చిట్టే వెళ్లి అతని వేలు పట్టుకుంది. "రండి, మీ వంతు."

మర్నాడు ఆటల వేళకు నాన్న సెలూన్ మూసేసి బడి గేటు దగ్గర నిలబడ్డాడు. సైకిలు మీద ఒక బొద్దు పిల్లాడు మూడో చుట్టు తిరుగుతున్నాడు. చిట్టి బల్ల దిగింది! వెళ్లి చక్రానికి అడ్డంగా నిలబడింది.

"దిగు. ఇప్పుడు నా వంతు."

"ఇంకొక్క చుట్టు!"

"ఊహూఁ. నా వంతు!"

ఆ కేక గేటు దాకా ఖంగున వినిపించింది. పిల్లాడు నోరెళ్లబెట్టి దిగిపోయాడు. చిట్టి ఎక్కింది. జడలు ఎగురుతుంటే ఆవరణంతా చుట్టేసింది. నాన్న ఒళ్లు మరిచి ఈల వేశాడు. టీచరు పరుగున గేటు దగ్గరికొచ్చి, "ఏం మంత్రం వేశారండీ? ఇక పై తరగతికే!" అంది.

రెండో చుట్టు పూర్తవగానే చిట్టి తనంతట తనే సైకిలు ఆపింది. బల్ల చివర, ఆ రోజే బడిలో చేరిన పిల్ల నోట్లో వేలేసుకుని కూర్చుంది. ఆ పిల్లను ఇంకా ఎవరూ పలకరించలేదు. చిట్టి వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"రా, నీ వంతు."