వంక పెట్టని మొగుడు

పల్లంరాజు నోరంటే మండపేట చుట్టుపక్కల ఎవరికైనా హడలే. పెళ్లివారింట విస్తరి ముందు కూర్చుని, "పప్పు బాగుందండి, ఈతొచ్చినవాళ్లకి ఇంకా బాగుంటుంది" అనగల మనిషి. ఇక కట్టుకున్నదాన్ని వదుల్తాడా? సూర్యకళ కాపురానికొచ్చినప్పటినుంచీ ఆవిడ వంటకి వంక పెట్టకుండా చెయ్యి కడుక్కున్న పాపాన పోలేదు.

అలాంటివాడు ఈమధ్య నోరు మూశాడు. పెట్టింది తింటాడు, లేస్తాడు. చేనుకెళ్లమంటే ఒళ్లునొప్పులంటాడు. తెల్లారకుండానే లేచి వసారాలో గోడకేసి చూస్తూ కూర్చుంటాడు.

"అదృష్టవంతురాలివి వదినా! అన్నయ్య గారు బంగారమైపోయారు. అన్నవరం వెళ్లి వ్రతం చేయించుకో" అంది పక్కింటి ఉషారాణి. మొగుడి నోరు పడిపోతే వ్రతాలు చేయించుకోవాలా? సూర్యకళకి ఒళ్లు మండింది. లోపల మాత్రం భయం పట్టుకుంది.

ఆదివారం బొమ్మిడాయి చేపల పులుసు పెట్టింది. కావాలనే ఉప్పు వెయ్యలేదు. తిట్టండి మహానుభావా, ఒక్కసారి తిట్టండి అని మనసులో దణ్ణాలు పెట్టుకుంటూ ఎదురుగా కూర్చుంది. పల్లంరాజు ముద్ద తర్వాత ముద్ద మింగి, "బాగుంది" అని లేచిపోయాడు.

మర్నాడే ఊళ్లో డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన బీపీ, షుగరు చూసి, బాగానే ఉన్నాయని, రాజమండ్రిలో మానసిక వైద్యురాలు ఆశాజ్యోతి గారి దగ్గరికి పంపాడు.

"మా ఆయన నన్ను వెటకారం చెయ్యట్లేదండి" అంది సూర్యకళ. ఇంకెక్కడైనా అయితే నవ్వేవారు. డాక్టరమ్మదీ గోదావరి జిల్లాయే మరి! పెన్ను పక్కన పెట్టి, "ఎన్నాళ్లనుంచండి?" అంది.

నిద్ర, ఆకలి, పనిమీద ఆసక్తి, తనమీద తనకి విసుగు, అన్నీ పల్లంరాజునే అడిగింది. ప్రతిదానికీ సూర్యకళ జవాబు చెప్పబోతుంటే, "ఒంట్లో బాగోలేనిది మీకాండి?" అంది. చివరికి మెల్లగా, "బతకడం దేనికి అనిపిస్తోందాండి?" అనడిగింది.

పల్లంరాజు నేలచూపులు చూస్తూ అన్నాడు, "నేను లేకపోతే ఇది సుఖంగా ఉంటుందనిపిస్తోందండి."

సూర్యకళ మొగుడి చొక్కా గట్టిగా పట్టుకుంది.

"దీన్ని డిప్రెషన్ అంటారండి. ఏడిస్తేనే అని కాదు, ఇలా రుచీ పచీ తెలియకపోయినా అదే కావచ్చు. తగ్గే జబ్బే" అంది డాక్టరమ్మ. థైరాయిడ్‌కి రక్తపరీక్ష, మాత్రలు రాసింది. ఒంటరిగా వదలొద్దని, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయమని, వారంలో మళ్లీ రమ్మని చెప్పింది.

మాత్రలు రాత్రికి రాత్రే మాయేం చెయ్యలేదు. వారాలు గడిచాయి. నిద్ర కుదురుకుంది, చేనువైపు నాలుగడుగులు పడ్డాయి. నోరు మాత్రం పెగల్లేదు.

ఓ మధ్యాహ్నం మళ్లీ బొమ్మిడాయిల పులుసు. ఈసారి సూర్యకళ రెండుసార్లు రుచి చూసి మరీ ఉప్పు వేసింది.

పల్లంరాజు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. మొహం చిట్లించాడు. "ఏమే, ఉప్పు డబ్బా చెయ్యి జారిందా?"

అబద్ధం! పచ్చి అబద్ధం! సూర్యకళకి కళ్లల్లోంచి బొటబొటా నీళ్లు కారాయి.

పల్లంరాజు కంచం పక్కకి లాక్కున్నాడు. "ఏడిస్తే ఏడిచావు గానీ, అటు తిరిగి ఏడు. అసలే ఉప్పెక్కువైంది" అన్నాడు.