నోరు కట్టుకుని నడిచిన నాలుగు రోజులు

మా ఆయన శంకరప్ప నెమ్మదైన మనిషి. ఆ నెమ్మదితోనే నా కొంప ముంచాడు. రెండు వేల ఒకటిలో మా పల్లవి పదో తరగతి లెక్కల పరీక్ష మూడోసారి రాస్తుంటే, పిల్ల పాసైతే పుంగనూరు నుంచి తిరుమలకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. అంగట్లో పప్పు కొలుస్తూ ఆయన తల కూడా ఎత్తకుండా, "నడిసేది నీకేమి కష్టం? దినామూ నాలుగు ఈదులు తిరగతాండావు. నీకు కష్టమైంది మొక్కితేనే కదా సామి సూసేది," అన్నాడు. నాకు రోషం వచ్చింది. దర్శనం అయి గుడి బయటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడనని కూడా మొక్కేశాను. పిల్ల పాసై కూర్చుంది.

నాకది ఎంత కష్టమో పుంగనూరులో ఎవరినైనా అడగండి. పొద్దున నా చెవిన పడిన సంగతి సాయంత్రానికి బస్టాండు దాటుతుంది. నాతో బయలుదేరిన మా వీధి ఆడవాళ్లకు ఇదే అదను దొరికింది. నా ఎదురుగానే నా మీద అబద్ధాలు చెప్పుకోవడం, నా ముఖం చూసి పడీపడీ నవ్వడం. చౌడేపల్లె చేరేసరికి ఒళ్లు మండి కావాలనే వెనకబడ్డాను.

వెనక కుప్పం పక్కనున్న రామకుప్పం నుంచి కొండకు నడిచే జట్టు వస్తోంది. అప్పటికే మూడు రోజులుగా నడుస్తున్నారు. వాళ్లలోంచి అరవై ఏళ్లావిడ నా పక్కకు చేరింది. పేరు సిద్ధమ్మ అని, రాగి చేలు ఉన్నాయని తనే చెప్పింది. జడ ఇంకా నల్లగా నడుం దాటి ఉంది.

"నీదే ఊరు పాపా?" అని అడిగింది.

నోటిమీద చెయ్యి పెట్టుకుని, కొండ ఉన్న దిక్కు చూపించి, దండం పెట్టాను. మొక్కు అని ఇంతకంటే ఎలా చెప్పాలి?

"అయ్యో తల్లీ, పుట్టినప్పట్నించీ సామి నీకు నోరియ్యలేదా?"

కాదని తల అడ్డంగా ఊపాను.

"ఓ, నడమన పోయిందా," అంటూ నా చెయ్యి పట్టుకుంది.

ఇంకో రెండుసార్లు సైగలు చేశాను. మొదటిసారి మంచినీళ్లు ఇచ్చింది, రెండోసారి అరటిపండు ఇచ్చింది. ఇక ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆమె మాటలు మొదలుపెట్టాక ఆపబుద్ధి కూడా కాలేదు. చేలో పడిన ఏనుగును చీపురు పట్టుకుని తిట్టిపోస్తే అది సిగ్గుపడి వెళ్లిపోయిందట. ఎలా వెళ్లిందో నడిరోడ్డు మీద నడిచి చూపించింది. వెనక లారీ హారన్ కొడుతున్నా ఏనుగు పక్కకు తప్పుకోలేదు. నవ్వు మాట కిందికి రాదు గదా అని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను. రాత్రుళ్లు బొబ్బలెక్కిన నా కాళ్లకు ఆముదం రాసేది. నలభై ఏళ్లు వచ్చాక ఇలాంటి స్నేహం కుదురుతుందని నేను అనుకోలేదు.

మూడో రోజు కల్లూరు దాటాక మామిడితోపులో కూర్చున్నాం. సిద్ధమ్మ నా చెవి దగ్గరికి వంగి ఒక సంగతి చెప్పింది. "ముప్పై ఏండ్లుగా కడుపులో పెట్టుకోనుండా. ఎవురికీ సెప్పలా. నీతో అయితే బయం లేదు గదా," అంది. చెప్పి ఏడ్చింది. ఆ తర్వాత లేచి, చిన్నపిల్లలా నా ముందు నడిచింది.

నేను నాలుగడుగులు వెనకబడి నడిచాను. మూగదాన్నని నమ్మి చెప్పింది. రేపు నేను నోరు తెరిచిన క్షణాన ఈ స్నేహం తెగిపోతుంది. నాకు ఆమెను పోగొట్టుకోవాలని లేదు.

కొండ ఎక్కాక సిద్ధమ్మ కాసేపు కనబడలేదు. తిరిగి వచ్చేసరికి గుండు, దానిమీద గంధం.

"నీకు నోరియ్యమని మొక్కినా," అంది. "ముందే సెప్తే వద్దంటావని సెప్పలా. నువ్వెట్లా అంటావులే." తన మాటకు తనే నవ్వింది.

నేను బావురుమన్నాను. క్యూలో ఎనిమిది గంటలు నా ముందు ఆ గుండే. లోపల స్వామిని చూశానో లేదో గుర్తు లేదు. బయటికి రాగానే నా రెండు భుజాలూ పట్టుకుని, "ఏమన్నా అను తల్లీ," అంది. ఊరుకుంటే జుట్టిచ్చినా దేవుడు వినలేదని కుమిలిపోతుంది. మొక్కు సంగతి చెప్పకుండా మాట్లాడితే మహిమ అని కుప్పం దాకా చాటుతుంది. ఆమెతో అబద్ధమాడటం నావల్ల కాలేదు.

"అక్కా, నేను మూగదాన్ని కాదు. మాట్లాడనని మొక్కుకోనుంటి," అన్నాను.

అంతటితో ఆగానా? పల్లవి లెక్కలు, శంకరప్ప, మా వీధివాళ్లు, ఏనుగు, అరటిపండు, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. సిద్ధమ్మ గుండు తడుముకుంది.

"ఎంటికలు మొలస్తాయిలే," అంది. అంతలో ఆమె ముఖం పాలిపోయింది. "కల్లూరు కాడ నేను సెప్పింది?"

"వింటి అక్కా."

"నువ్వెప్పుడూ ఇట్లే మాట్లాడతావా?"

"ఈ పొద్దు కొంచెం తక్కువక్కా."

ఆమె కింద కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టింది. "సామీ, ఇంతమందిలో ఈమెనా నాకు సూపిస్తివి," అంటూ కళ్లు తుడుచుకుంది. నేనూ పక్కన కూర్చుని నవ్వాను. మాకేదో పూనిందనుకుని దారినపోయేవాళ్లు గోవిందలు కొట్టారు.

తిరుపతిలో కుప్పం బస్సు ఎక్కాక ఆమె నవ్వడం లేదు. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. ఎవరికీ చెప్పనని నేను తల మీద చెయ్యి పెట్టి ఒట్టేయబోతే వద్దంది. "ఒట్లెందుకు? నువ్వు నోరు కట్టుకోని ఉండగలవు. నాలుగు దినాలు సూసినా గదా," అంది. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. నేను బస్టాండులో నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

ఇది జరిగి ఏడేళ్లయింది. ఆమె ఏనుగు నడక పుంగనూరులో నేను నడిచి చూపించని వీధి లేదు. మామిడితోపు మాట మాత్రం కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఏడాదికోసారి మా అంగడికి ఫోను వస్తుంది.

"ఉండాదా?" అంటుంది సిద్ధమ్మ.

"ఉండాది అక్కా," అంటాను.

పెట్టేస్తుంది. ఏముండాదే అని మా ఆయన అడుగుతాడు. మీరూ అడగొద్దు.