ఏడో ఓటు

కొత్త పోర్టల్ కడుతున్నామని మా ఆఫీసులో పాతదాన్ని ముందే ఆపేశారు. సెలవు అడగాలంటే మాత్రం పోర్టల్‌లోనే అడగాలి. కొత్తదానికి రియాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌వర్క్ వాడాలా, యాంగ్యులర్ అనేది వాడాలా అన్నది ఐదు నెలలైనా తేలి చావలేదు.

శుక్రవారం ఉదయం పదింటికి అక్కకు గుండె ఆపరేషన్. తనకు నేను తప్ప ఎవరూ లేరు.

సోమవారం మీటింగులో మేనేజర్‌ని కాళ్లావేళ్లా పడి బతిమాలాను. "సార్, కాగితం మీద రాసిస్తాను. సంతకం పెట్టండి చాలు."

"కాగితాలు వద్దనేగా పోర్టల్ కడుతోంది! ముందు ఈ ఫ్రేమ్‌వర్క్ గొడవ తేలనీ, తర్వాత నీ సెలవు సంగతి చూద్దాం."

అప్పటికప్పుడే ఓటింగ్ పెట్టాడు. ఓటేసేది ఏడుగురం. రియాక్ట్ అనగానే మరో ముగ్గురితో పాటు చేయెత్తాను. ఏదైతే నాకేం, తేలితే చాలు. యాంగ్యులర్ అన్నప్పుడు మిగతా ముగ్గురూ ఎత్తారు. నా చేయి ఇంకా గాల్లోనే ఉంది. దించాలన్న స్పృహే లేదు.

మేనేజర్ రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ఏడుగురికి ఎనిమిది ఓట్లేమిటయ్యా? ఇది చెల్లదు. శుక్రవారం పదింటికి మళ్లీ పెడదాం." నావైపు తిరిగాడు. "నువ్వు మాత్రం రాకుండా ఉండకు. తేల్చాల్సింది నీ ఓటే."