దండెం మీది ఖాకీ చొక్కా

సలోమి మొగుడి చొక్కాను రోజూ ఉతికేది. మొగుడు మాత్రం ఇంట్లో లేడు.

దేవానందం ఇండియా ఫౌజులో లారీ డ్రైవరు. ఆ ఏడు కాశ్మీరు యుద్ధంలో ఉన్నాడు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్నారు పెద్దలు. కాశ్మీరుకు పోయినవాడు ఎవరితో సమానమో చెప్పకుండానే ఆ పెద్దలంతా కాటికి పోయారు.

ఇక్కడ సికింద్రాబాదులో రజాకార్ల రాజ్యం. ఇండియా ఫౌజీ పెళ్ళాం ఫలానా ఇంట్లో ఉందని తెలిస్తే ఆ ఇంటికి పైకప్పు మిగలదు. అందుకని అత్తాకోడళ్ళు తమను ఎరగని మారేడ్‌పల్లి సందులో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. దేవానందం ఉత్తరాలూ, ఫౌజు డ్రెస్సులో దిగిన ఫోటో పొయ్యిలో పెట్టారు. పెట్టనిది చొక్కా ఒక్కటే.

"మగాడి గుడ్డ దండెం మీద ఆరుతుంటే ఇంట్లో మగాడున్నట్టే," అంది అత్త రోసమ్మ. గుంటూరు నుంచి తెచ్చుకున్న తెలివి అది. ఆవిడకు రోషం పేరులోనూ ఉంది, ముక్కు మీదా ఉంది. "మా నాన్న రంగూన్లో ఉన్నన్నాళ్ళూ మా అమ్మ పంచె ఆరేసేది. దొంగ వెధవ ఒక్కడొస్తే ఒట్టు!"

రజాకార్లు వేసేదీ ఖాకీయే కనుక ఒక్క గుడ్డతో రెండు పిట్టలు. కాకి కూయకముందే ఖాకీ తడిసేది. ఒంటి మీదికి ఎక్కని చొక్కాను సలోమి ఉతికి, పిండి, వీధిలోకి కనబడేట్టు ఆరేసేది. కాలరు వెనక నల్లసిరాతో వేసిన ఫౌజు నెంబరు మొదట మసకబారింది, ఆ తర్వాత మాయమైంది.

పక్కింటి బుచ్చమ్మకు కడుపుబ్బరం. "ఏందమ్మా సలోమీ, మీ ఆయన కనబడడు, ఆయన అంగి మాత్రం రోజు మాస్తది! ఏం పని చేస్తడు?"

"డ్యూటీ."

"ఏం డ్యూటీ?"

"రాత్రి డ్యూటీ!" లోపలి నుంచి రోసమ్మ కేక. "పగలు పడుకుంటాడు. నువ్వట్టా అరవబాక, లేస్తాడు!"

ఆగస్టులో ఒక పొద్దున సందు మొదట్లో వడ్రంగం చేసే బ్రహ్మచారి పరుగెత్తుకొచ్చాడు. పేరుకు బ్రహ్మచారి, ఇంట్లో ఐదుగురు పిల్లలు. రజాకార్లకు ఊరకే లాఠీలు చెక్కిపెట్టనన్నాడు. చెక్కనన్న చెయ్యి కోసం ముగ్గురు వెంటపడ్డారు. అతను సలోమి తలుపు బాదాడు.

"చెల్లె! తలుపు తియ్యి! నీ కాల్మొక్త!"

సలోమి గడియ మీద చెయ్యేసింది. రోసమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "తీశావంటే ముగ్గురం పోతాం."

గడియ కదల్లేదు. తలుపు సందులోంచి సలోమి అంతా చూసింది. అతని కుడిచేతిని గుమ్మం ముందు బండ మీద పరిచి ఇనపకడ్డీతో కొట్టారు. చెరుకు విరిచినట్టు చప్పుడైంది. రెండో దెబ్బకు చప్పుడు రాలేదు. విరగడానికి ఏమీ మిగల్లేదు. "నీళ్ళు," అన్నాడు బ్రహ్మచారి. తుపాకి పట్టుకున్నవాడు దండెం వైపు చూసి తలుపు తట్టాడు.

"భాయ్‌సాబ్ ఉన్నడా?"

"సో రహా హై!" నిద్రపోతున్నాడంది రోసమ్మ. ఆవిడకొచ్చిన ఉర్దూ అంతే.

వాడు చొక్కాకు ఒక సలాం కొట్టి వెళ్ళిపోయాడు. నెత్తుట్లో పడి ఉన్న బ్రహ్మచారి ఆ సలాం చూశాడు.

సెప్టెంబరులో ఇండియా ఫౌజు దిగింది. నిజాం లొంగిపోయాడని రేడియో చెప్పింది. మర్నాడు పోలీసు చర్య అయిపోయిందని అందరూ మిఠాయి పంచుకుంటుంటే, ఆ సందులో చారి చర్య మొదలైంది. ఎడమచేతిలో చెక్క చెక్కే బాడిశ, వెనక గునపాలతో ఇద్దరు బామ్మర్దులు. సలోమి వాకిట్లో మిరపకాయలు దంచుతోంది.

"ఏడున్నడు నీ రజాకారు మొగుడు? లేపు! పగలు పండుకుంటడంట గదా!"

"రజాకార్ గాదన్నా. ఇండియా ఫౌజు. కాశ్మీర్ల ఉన్నడు."

"నిన్నటిదాంక రాత్రి డ్యూటీ, ఇయ్యాల కాశ్మీరా? ఏదీ, కాయిదం జూపియ్యి. ఫోటో జూపియ్యి."

"కాలవెట్టినం."

బామ్మర్దులు నవ్వారు.

"అంగి మీద నెంబరున్నది!" సలోమి పరుగెత్తి కాలరు తిరగేసింది. ఖాకీ వెలిసి తెల్లగా, శుభ్రంగా, వెన్నలా ఉంది. ఇంట్లో మగాడున్నాడన్న అబద్ధాన్ని రోజూ ఉతికి ఉతికి, ఆ మగాడెవరన్న నిజాన్ని తనే వదలగొట్టింది.

బ్రహ్మచారి చొక్కా మీదికి బాడిశ ఎత్తాడు. కొడుకు మీదికే ఎత్తాడనుకుందో ఏమో, రోసమ్మ అడ్డం దూకింది. బాడిశ ఆవిడ భుజంలో దిగింది. ముసలామె కేక పెట్టలేదు, బూతు పెట్టింది, పెట్టి కూలబడింది.

కారణాలు చెప్పడం అక్కడితో ఆగింది. ఇక కారమే. సలోమి రోట్లో చెయ్యి పెట్టి దోసెడు తీసి బ్రహ్మచారి కళ్ళల్లో కొట్టింది. రోకలి ఎత్తింది. మొదటి పోటు ఒక బామ్మర్ది మోకాలికి. వాడు కుంటుకుంటూ పోయాడు, రెండోవాడు కుంటకుండానే పోయాడు. తర్వాతి పోటు బాడిశ పట్టిన ఎడమచేతికి. అదే చెరుకు చప్పుడు. బ్రహ్మచారి అదే బండ మీద పడ్డాడు. రోకలి అతని తల మీదికి లేచింది.

"నీళ్ళు," అన్నాడు. కళ్ళు తెరుచుకోవడం లేదు. "ఆ దినం సుత గీడనే అడిగిన."

రోకలి దిగలేదు. పక్కకు పడింది.

సలోమి చెంబు తెచ్చి కళ్ళు కడిగింది. చెంబు పట్టుకోవడానికి అతనికి చేతులు లేవు. నోట్లో తనే పోసింది.

"వాడి దాహం తీరాక, నా నెత్తురు ఇంకా మిగిలుంటే, ఇటు చూడవే," అంది రోసమ్మ. "ఆ చొక్కా చించి కట్టు."

"అత్తమ్మా, ఆయనది గిదొక్కటే మిగిలింది."

"నాకూ అంతేగా. చించు."

ఉతికిన ఉతుకుడుకి అది ఉల్లిపొరలా చిరిగింది. వీపు అత్త భుజానికి. రెండు చేతులూ బ్రహ్మచారి చేతికి.

"ఫౌజని ముందే ఎందుకు జెప్పలే చెల్లె?" అన్నాడు.

సలోమి ముడి బిగించింది. "ఎవరికి జెప్పాలె? తలుపే తియ్యలే నేను."

సాయంత్రం పెళ్ళాం వచ్చి బ్రహ్మచారిని నడిపించుకుపోయింది. ఆ చేతులు మళ్ళీ బాడిశ పట్టలేదు.

రోసమ్మ బతికింది, చెయ్యి మాత్రం పైకి లేవదు. దండెం ఖాళీ. కొన్నాళ్ళకు ఎవడో ముక్కూమొహం తెలియనివాడు సందులోకొచ్చి, ఆ ఖాళీ తాడును కాసేపు చూసి, గుమ్మం దాకా వచ్చాడు.

"ఇంట్ల మొగోళ్ళు లేరా?"

"నిద్ర..." అని లోపలి నుంచి మొదలుపెట్టి రోసమ్మ ఆగిపోయింది.

సలోమి దంపుడు ఆపి నిలబడింది. రోకలి చేతిలోనే ఉంది.

"లేడు," అంది, బుచ్చమ్మ ఇంటిదాకా వినబడేట్టు. "యుద్ధంల ఉన్నడు. నేనున్న. ఏం గావాలె?"