వైద్యుడి చేతిలో కత్తి

పాలయ్య ఆడే వైద్యుడి చేతిలో కత్తి నిలిచింది.

కంప్యూటర్ తెర మీది బొమ్మే. అయినా పాలయ్య మౌసు వదిలేశాడు. ఆ ఆటలో వీరుడికి కత్తి, వేటగాడికి విల్లు, వైద్యుడికి ఉత్త కర్ర. వైద్యుడు కత్తి అందుకోబోతే అది జారి కింద పడాలి. ఇన్నాళ్లూ అంతే జరిగింది.

వెనక చప్పట్లు మోగాయి. చెన్నకేశవ.

"మాట మాటే గదా పాలయ్యా? రేపు జీపు పంపిస్తాండా."

చెన్నకేశవది పెద్దముడియం పక్క పల్లె. తండ్రిని పగవాళ్లు నరికేశాక ఆయన నడిపిన పార్టీ, అంటే కత్తులు పట్టే ముఠా, అతని చేతికొచ్చింది. ఆ తండ్రి వెనక కొడవలి పట్టి నడిచిన పాలయ్య నాయన కూడా ఆ రోజే పోయాడు. పాలయ్య మాత్రం జమ్మలమడుగులో ఒక ఆస్పత్రిలో కట్లు కట్టే పనిలో చేరాడు. ఎన్నికలొచ్చాయి, కత్తి పట్టి తన జీపెక్కమని చెన్నకేశవ వెంటపడ్డాడు. తప్పించుకోవడానికి పాలయ్య పదిమందిలో నవ్వుతూ అన్నాడు: "నా వైద్యుని చేతిలో కత్తి నిలిచిన దినం ఎక్కుతాలేన్నా."

పదిమందిలో అన్న మాట. తప్పితే ఊళ్లో తల ఎత్తుకోలేడు.

"ఎవురో ఆటను మార్చినారు," అన్నాడు పాలయ్య.

ప్రొద్దుటూరులో ఆ ఆటల సెంటరు కమాల్ బాషాది. అతను రెండు చేతులూ ఎత్తాడు. "నా మీద చూస్తావేందప్పా? నేను జుమ్మా నమాజుకు పోయి ఇప్పుడే గదా వచ్చినా!"

"ఏ పాత్ర ఏ ఆయుధం పట్టాల్నో నీ కౌంటర్ మిషన్లోనే గదా రాసుండేది? మొన్న సుందరం తెరిచి అందరికీ చూపించినాడు."

పులివెందులలో కంప్యూటర్ పాఠాలు చెప్పే సుందరం చెవుల మీది హెడ్‌ఫోన్లు లాగేశాడు. "చూపిస్తే దొంగనైపోతానా? గోడకు మొగం పెట్టి ఆడుకుంటాండా. వెనక ఏనుగు పోయినా నాకు తెలీదు."

"కమాల్ బాషా లేనప్పుడు ఈడ ఎవురెవురుండారు?"

"నేనూ, చెన్నకేశవన్నా," అన్నాడు సుందరం.

"నాకు మౌసు పట్టుకునేదే సరిగ్గా రాదు," చెన్నకేశవ నవ్వాడు. "సుందరం పక్క మిషన్లో కోటలు పగలగొడతా ఉన్న్యా. లేస్తే ఒట్టు."

పాలయ్య గది కలియజూశాడు. మిషన్లన్నీ గోడ వైపే. ఏ మిషన్లో ఆడినా తలుపుకు వీపు పెట్టాల్సిందే. చెన్నకేశవ ఎప్పుడూ కూర్చునే మూల మిషను ఒక్కటే తలుపుకు ఎదురుగా ఉండేది. అది రిపేరుకు పోయింది. ఇక తలుపు కనపడే కుర్చీ కౌంటర్ వెనకదొక్కటే.

"అన్నా, మీ నాయిన పోయినప్పటి నుంచి హోటల్లో టీ తాగినా నువ్వు గోడకు వీపు ఆనించి కూచుంటావు. ఈ పొద్దు మాత్రం తలుపుకు వీపు పెట్టి, హాయిగా ఆడుకున్న్యావా, లేక ఆ కౌంటర్ కుర్చీలో కూచున్న్యావా?"

చెన్నకేశవ నవ్వు ఆగిపోయింది. కళ్లు తలుపు మీదికి పోయి, తిరిగి పాలయ్య మీదికి వచ్చాయి. కమాల్ బాషా మెల్లగా కౌంటర్ నుంచి పక్కకు జరిగాడు.

"నేనే మార్చినా," అన్నాడు చెన్నకేశవ. "సుందరం చూపించినట్టే చేసినా. కత్తులు పట్టేటోళ్లు నా ఎనక శానామంది ఉండారు పాలయ్యా. వాళ్లలో ఎవుని కత్తి నా మీదికి తిరుగుతాదో తెలీక నిద్ర రాదు నాకు. ఈ ఆటలో నేను పడిపోయిన ప్రతిసారీ ఉరికొచ్చి లేపింది నువ్వే. అట్లాటోడు ఒకడు నా పక్కన కావాలనుకున్న్యా. పక్కన ఉండు, నాకు భయమైతాంది అని నోరు తెరిచి అడిగితే, మా పల్లెలో రేప్పొద్దునకల్లా నేను నాయకుణ్ని గాను. కత్తి పట్టమంటే మాత్రం ఎవురూ నవ్వరు. అందుకే నీ చేతిలో కత్తి పెట్టినా. ఇది దొంగకత్తి, దీనికి నువ్విచ్చిన మాట చెల్లదు. జీపు రాదులే. ఆస్పత్రికి పో."